మీగడ రంగా, లేత నీలమా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటి గోడకు రంగు ఎంచి చూడు అని మూడవ మాట ఒకటి చేర్చకపోవడానికి కారణం, వారి కాలంలో ఆ చిక్కు లేకపోవడమే. గోడకు సున్నం, గోడ అడుగున జాజు, నేలకు పేడ అలుకు, గడపకు పసుపు - ఇంతటితో ఇంటి రంగుల లెక్క ముగిసేది. ఎన్నుకోవలసిన అవసరం లేదు గనుక తగవూ లేదు. ఈనాడు రంగుల దుకాణంలో అడుగుపెట్టినవారి చేతికి వందలకొద్దీ రంగు ముక్కలు అచ్చువేసిన పట్టిక ఒకటి ఇస్తారు. అందులో తెలుపులే ఎన్నో రకాలు. ఆ పట్టిక ఇంటికి వచ్చిన సాయంకాలం నుంచీ ఆలుమగలకు మాటపట్టింపులు ఆరంభమవుతవి.

నేను రంగుల వ్యాపారిని కాను, చిత్రకారుడనూ కాను. ముప్పై ఏళ్ళు పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాడను. కాంతి పాఠం చెప్పిన పాపానికి గడచిన వేసవిలో నా పూర్వవిద్యార్థులు ముగ్గురు నన్ను ఈ తగవులోకి దింపినారు. ముగ్గురూ ఒకే తరగతివారు, నేటికీ స్నేహం వదలనివారు. ఒకడు జనగామలో ఉపాధ్యాయుడు. రెండవ ఆమె మహబూబాబాదు సమీపాన ఒక పల్లెలో ప్రధానోపాధ్యాయిని. మూడవవాడు భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుడు. 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వం ఈ మూడు ఊళ్ళూ వరంగల్లు జిల్లాలోనివే. ఆనాటి నుంచి మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణాలైనవి. ముగ్గురికీ జూన్ లోపల ఒక్కొక్క గదికి రంగు వేయించవలసి వచ్చింది. తమలో తాము మాట్లాడుకొని రెండు రంగుల దగ్గర ఆగిపోయినారు. ఒకటి మీగడ రంగు. రెండవది లేత నీలం. రెండింటిలో ఏది మంచిదో చెప్పుమని నన్ను అడిగినారు.

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఉంటుందని నేనూ అనుకొన్నాను. అక్కడే నా పొరపాటు ఉన్నది.

మొదట జనగామ వెళ్ళినాను. శిష్యుని ఇల్లు ఊరి చివర మిద్దె. రంగు వేయవలసిన గది పై అంతస్తులో ఉన్నది. దక్షిణాన ఒక కిటికీ, పడమట రెండు. చుట్టూ చెట్టు అన్నది లేదు. కింద ఎర్రటి గచ్చు. మధ్యాహ్నం ఆ గదిలో తెల్ల కాగితం విప్పితే కళ్ళు చికిలించవలసిందే. శిష్యునికి మీగడ రంగు ఇష్టం. ఆయన ఇల్లాలికి నీలం. ఆమె వాదం సూటిగా ఉన్నది.

“ఎండల పడి వచ్చినోళ్ళ కండ్లకు ఇంత చల్లగ ఉండొద్దా, సారూ? మా అమ్మ సున్నంల నీలం కలిపే గోడలకు వేయించేది” అన్నది ఆమె.

ఆమె తల్లి చేసిన పనిలో శాస్త్రం ఉన్నది. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి గుల్లసున్నం మిగులుతుంది. నీరు పోసి విరిసిన సున్నాన్ని గోడకు పూస్తే అది గాలిలోని ఆ వాయువునే తిరిగి పీల్చుకొని మళ్ళీ సున్నపురాయి అవుతుంది. ఇటువంటి పూత తెలుపులో ఎంతోకొంత పసుపు చాయ కలిసి ఉంటుంది. పసుపు చాయ అంటే నీలి కిరణాలు తక్కినవాటికన్న తక్కువగా తిరిగి వస్తున్నవని అర్థం. చిటికెడు నీలం కలిపితే అది పసుపు, ఎరుపు కిరణాలను కొంత మింగి తూకం సరిచేస్తుంది. విచిత్రమేమంటే, అప్పుడు గోడ నుంచి వచ్చే మొత్తం వెలుగు ఇంచుక తగ్గుతుంది. కంటికి మాత్రం గోడ మునుపటికన్న తెల్లగా తోస్తుంది. ఈ నీలం పొడిని పూర్వం అఫ్గానిస్తానంలోని బదక్షాన్ గనుల్లో దొరికే రాజావర్తమనే మణి నుంచి తీసేవారు. సామాన్యుని గోడకు అది అందేది కాదు. 1826లో గిమే అనే ఫ్రెంచి రసాయనవేత్త దానిని కొలిమిలో తయారుచేసే ఉపాయం కనిపెట్టిన తరువాతనే అది చాకలి తొట్టిలోకి, సున్నపు బానలోకి దిగివచ్చింది. సున్నపు ఘాటుకు ఆ నీలం చెడదు. ప్రష్యన్ నీలమనే మరొక జాతి నీలం సున్నంలో నిలువదు.

ఇద్దరి మాటా కాదనక, పడమటి గోడ మీద ఒకటి, తూర్పు గోడ మీద ఒకటి, తలుపు రెక్కంత వెడల్పున రెండేసి పట్టీలు వేయించినాను. ఆరేదాకా తీర్పు చెప్పవద్దన్నాను. తడి సున్నం మసకగా, తడి రంగు వేరుగా కనిపిస్తవి. మరునాడు పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంకాలం నాలుగింటికి, రాత్రి దీపం పెట్టిన తరువాత - నాలుగు వేళల చూసినాము. మధ్యాహ్నానికి మీగడ రంగు వెన్నలా పచ్చబడింది. నాలుగింటికి పడమటి ఎండ సోకి, గచ్చు ఎరుపు కూడా తోడై, పసుపులో ముంచిన బట్టలా తయారైంది. నీలం పట్టీ అదే ఎండలో తన నీలిమ కొంత కోల్పోయి, తేటపడిన తెలుపుగా, కంటికి హితవుగా నిలిచింది. రెండు పట్టీలకూ ఉష్ణమాపకం ఆనించి చూస్తే చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. చల్లదనం గోడలో లేదు. చూపుకు కలిగిన విశ్రాంతిలో ఉన్నది. అయినా ఆ గదిలో కావలసింది ఆ విశ్రాంతియే గనుక ఇల్లాలి పక్షమే నెగ్గింది.

రంగు ఒంటరిగా కనిపించే వస్తువు కాదన్న సత్యం ఆ ప్రాంతపు చిత్రకారులకు ఎప్పటినుంచో తెలుసు. పూర్వం జనగామతోపాటు వరంగల్లు జిల్లాలోనే ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాషీలు వేసే పటాలను చూసినవారికి మొదట గుర్తుండేది ఎర్రని నేపథ్యం. ఆ ఎరుపు మీద నీలిమేని దేవుడు ముందుకు అడుగు వేసినట్లు ఉంటాడు. అదే నీలాన్ని బూడిదరంగు మీద వేస్తే ఆ పొంకం రాదు. పారిసులో గోబెలిన్ నేతశాల అద్దకపు పనికి 1824లో అధికారిగా వచ్చిన షెవ్రూల్ కూడా ఈ సంగతితోనే తలపడినాడు. నల్లరంగు బాగా పట్టడం లేదని నేతగాళ్ళు ఫిర్యాదు చేసినారు. ఆయన పరీక్షించి, నలుపులో లోపం లేదు, దాని పక్కన నేసిన రంగులలో ఉన్నదని తేల్చినాడు. ఆ పరిశోధనే పెరిగి 1839లో ఒక ఉద్గ్రంథమైంది. జనగామ గదిలో మీగడ రంగు చేసిన తప్పేమీ లేదు. ఎండా, ఎర్రగచ్చూ దానిని ఆ పని చేయించినవి.

అంతా బాగానే ఉన్నది. నీలం వేసిన గదిని శిష్యుడు ఫోనులో ఫోటో తీసి స్నేహితులిద్దరికీ పంపినాడు. భూపాలపల్లి నుంచి మూడవవాడు నాకు ఫోను చేసి, “మాకు కూడ గిదే వేసుకొమ్మంటరా, సారూ?” అని అడిగినాడు. గది ఏ ముఖాన ఉన్నదో, కిటికీలెన్నో నేను అడుగలేదు. “వేసుకో, బాగుంటుంది” అన్నాను. ఆ మాట ఫలితం తరువాత చెప్పుతాను.

జనగామలో రైలెక్కి, కాజీపేట మీదుగా మహబూబాబాదు చేరినాను. పెద్దవాళ్ళు ఈ ఊరిని నేటికీ మానుకోట అనే అంటారు. జిల్లాలోని బయ్యారం ఇనుపరాతికి పేరుపొందింది. ఇనుముకూ మన గోడలకూ ఉన్న చుట్టరికం పిల్లలకు చెప్పదగినది. మనవారు గోడ అడుగున పూసే జాజుకు ఆ ఎరుపు ఇచ్చేది ఇనుప తుప్పు జాతికి చెందిన పదార్థమే. పచ్చమన్నులో ఉండేదీ ఇనుమే. దానితోపాటు నీరు కూడా కలిసి ఉంటుంది. పచ్చమన్నును కాల్చితే ఆ నీరు పోయి ఎర్రమన్ను అవుతుంది.

అక్కడ చూడవలసింది ఇల్లు కాదు, తరగతి గది. పొడవాటి గది. ఒకవైపు కిటికీలు, వాటికి ఎదురుగా వేపచెట్లు, రెండవవైపు వసారా. ముందు బల్లల వద్ద వెలుతురు చాలినంత ఉన్నది. చివరి వరుస దగ్గర పట్టపగలే సందెచీకటి. ప్రభుత్వ పాఠశాలలను బాగుచేయడానికి తెలంగాణలో 2022లో ‘మన ఊరు - మన బడి’ కార్యక్రమం ఆరంభమైనప్పుడు, చేయవలసిన పనుల పట్టీలో తాగునీరు, మరుగుదొడ్లు, ఆకుపచ్చ రాతబల్లలతోపాటు పాఠశాల అంతటికీ రంగులు వేయడమూ ఒకటిగా చేర్చినారు. రంగు అలంకారం మాత్రమే అనుకొనేవారికి ఆ వరుస వింతగా తోచవచ్చును. ఆ గదిలో కాసేపు వెనుక బల్లపై కూర్చుంటే వింత తోచదు.

ప్రధానోపాధ్యాయిని నాకు ఒక పిల్లవాని కథ చెప్పింది. వాడు చివరి వరుసలో కూర్చుంటాడు. పాఠం జరుగుతుండగా పుస్తకం పట్టుకొని పక్కవాని మీదికి, కిటికీ వైపుకు ఒరిగిపోతాడు. అల్లరివాడని ఏడాదంతా మందలించినారు. వార్షిక పరీక్షలనాడు పర్యవేక్షణకు తాను అదే బల్ల పక్కన నిలబడి ప్రశ్నపత్రం చదువబోయి, తానూ కిటికీ వైపు వంగిందట.

“వాడు అల్లరి చేస్తలేడు సారూ, వెలుతురు వెతుక్కుంటున్నడు” అన్నది ఆమె.

అప్పుడు నేను సుద్దముక్క తీసుకొని లెక్క వేసినాను. పాఠకులలో ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయించవచ్చును. మీగడ రంగు తనమీద పడిన నూరు పాళ్ళ వెలుగులో సుమారు 75 పాళ్ళు తిరిగి పంపుతుందనుకొందాము. లేత నీలం 55 పాళ్ళు. చాయను బట్టి ఈ అంకెలు మారుతవి. కొన్ని రంగుల పట్టికలలో ప్రతి చాయకూ ఈ అంకెను అచ్చువేస్తారు. చూపుకు 75కూ 55కూ తేడా మరీ ఎక్కువగా తోచదు. కాని కిటికీ నుంచి వచ్చిన వెలుగు చివరి బల్లకు తిన్నగా చేరదు. గోడ నుంచి గోడకు తగిలి చేరుతుంది. రెండు గోడలు తాకేసరికి మీగడ గదిలో నూటికి 56 పాళ్ళు మిగులుతవి; నీలి గదిలో 30. మూడవ తాకిడికి ఒకచోట 42, రెండవచోట 17 మాత్రమే. ముందు బల్లవానికి రెండు రంగులకూ భేదం లేదు. భేదమంతా చివరి బల్లవానికే. కిటికీకి దూరమైన కొద్దీ వాని బతుకు గోడ మీద ఆధారపడి ఉంటుంది.

అయితే మీగడ రంగే వేయమని తేల్చితే సరిపోయేదా? మరొక సంగతి మిగిలి ఉన్నది. రాతబల్ల చుట్టూ ఉన్న గోడ మరీ వెలిగిపోతుంటే కన్ను ఆ వెలుగుకు అలవడి, బల్ల చీకటిగా తోస్తుంది. దాని మీది సుద్దరాత చూడడానికి ప్రయాస కలుగుతుంది. కనుక బల్ల ఉన్న గోడ ఒక మెట్టు తక్కువ వెలుగుతో ఉండడం మేలు. చివరకు మేము ఆ గదికి రెండు రంగులూ వాడినాము. కప్పుకు తెలుపు, మూడు గోడలకు మీగడ రంగు, బల్ల ఉన్న గోడకు లేత నీలం. నేల నుంచి మోచేతి ఎత్తు వరకు మాత్రం జాజు రంగు పట్టీ వేయించమన్నది ఆ ఊరి మేస్త్రీ. పిల్లల చేతులూ, బూట్ల దుమ్మూ, వానచినుకులతో ఎగిరే ఎర్రమట్టీ అన్నీ అక్కడే గదా అంటుకొనేది! మన ముత్తవ్వలు గోడ అడుగున జాజు పూసింది అందానికే కాదు. మరక తెలియని చోట మరక రంగే పూసినారు.

మహబూబాబాదు నుంచి హన్మకొండకు వచ్చి, పరకాల మీదుగా బస్సులో భూపాలపల్లి చేరినాను. ఆ ఊరికి రైలు లేదు. ఉన్నది బొగ్గు. కాకతీయ ఖని పేరిట అక్కడ సింగరేణి గనులున్నవి; సమీపాన చెల్పూరులో ఆ బొగ్గుతోనే విద్యుత్తు పుట్టించే కాకతీయ తాపవిద్యుత్ కేంద్రం ఉన్నది. వెలుగుకు పుట్టినిల్లు వంటి ఊరు. ఆ ఊళ్ళో నా శిష్యుని ఇంటి గదిలో పట్టపగలు పదకొండు గంటలకు దీపం వెలుగుతున్నది.

దీపం కింద ఆయన కూతురు చదువుకొంటున్నది. ఆ ఏడు పదవ తరగతిలోకి వచ్చింది. గదికి ఒకే కిటికీ, ఉత్తరాన. ఆ కిటికీకి బారెడు దూరంలో పక్కింటి గోడ. సూర్యుడు ఆ గదిలోకి ఎన్నడూ తొంగిచూడడు. రెండు గోడల సందులోంచి జారిన ఆకాశపు వెలుగే దానికి ఆధారం. ఆ వెలుగు మొదలే నీలిది. గోడలకు నేను ఫోనులో దీవించిన లేత నీలం. జనగామలో తేటగా నవ్విన రంగు ఇక్కడ వాన మబ్బులా దిగులుగా మూసుకొని ఉన్నది.

“డబ్బా మీద గింత చిక్కగ లేదు సారూ. దుకాణపాయన వేరే డబ్బా ఇచ్చిండేమో అనుకున్న” అన్నాడు శిష్యుడు.

దుకాణదారు మోసం చేయలేదు. పట్టికలోని ముక్క మీద వెలుగు ఒక్కసారే పడి మన కంటికి వస్తుంది. నాలుగు గోడలకూ అదే రంగు పూసినప్పుడు వెలుగు ఒక గోడ రంగును మోసుకొనిపోయి ఎదుటి గోడ మీద పోస్తుంది. లేత నీలం నీలి కిరణాలను నూటికి 70 పాళ్ళు, ఎర్ర కిరణాలను 40 పాళ్ళు తిరిగి పంపుతుందనుకొంటే, రెండవ తాకిడికి నీలం 49 అవుతుంది, ఎరుపు 16కు పడిపోతుంది. మొదట ఎరుపుకు రెట్టింపైనా లేని నీలం ఇప్పుడు మూడు రెట్లయింది. రంగు చిక్కబడింది, వెలుగు సన్నగిల్లింది. ఎండ ధారాళంగా పడే జనగామ గదిలో ఈ దోషం కనిపించలేదు. ఇక ఫోటో సంగతి చెప్పనక్కరలేదు. ఫోను కెమెరా తనంతట తానే వెలుగునూ తెలుపునూ సవరించి చూపుతుంది. ఒక ఊరి గదిని అందులో చూసి మరొక ఊరి గదికి మందు వేసినవాడను నేను; రోగిని చూడకుండా మందిచ్చిన వైద్యునికీ నాకూ తేడా లేదు.

నా తప్పు ఒప్పుకొని, ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద వేసి శిష్యునికి చూపబోయినాను. ఆయన అప్పుడే పొద్దుటి విధి ముగించుకొని వచ్చి, స్నానం చేసి కూర్చున్నాడు. కంటి రెప్పల అంచున ఇంకా సన్నని బొగ్గుగీత ఉన్నది. కాగితం చూసి నవ్వినాడు.

“మాకు తెల్వని ముచ్చట కాదు సారూ. బాయి లోపట మూలమలుపుల కాడ సున్నం కొడ్తరు. ఎందుకు కొడ్తరు? ఉన్నది ఒక్క దీపం. గోడ తెల్లగుంటె అది రెండో దీపమైతది. గీ ఇంట్ల ఎందుకు యాది మర్చిన్నో” అన్నాడు.

నేను మాట్లాడలేకపోయినాను. భూగర్భపు గనులలో దారులు కలిసే చోట్ల గోడలకూ కప్పుకూ సున్నం కొట్టడం పాత ఆచారం. బొగ్గుపొడి మంటలు రేగకుండా సున్నపురాతి పొడి చల్లడమూ ఉన్నది. నేలకింద తలదీపం వెలుగున బతికేవారు తెలుపును అలంకారంగా ఎంచరు. ముప్పై ఏళ్ళు నేను ‘కాంతి పరావర్తనం’ అని నల్లబల్ల మీద రాసి, బాణపు గుర్తులు గీసి చెప్పిన పాఠం ఆయన మూడు మాటలలో చెప్పినాడు. నా దగ్గర నేర్చుకొన్నది కాదు. రోజూ దిగిన చీకటి దగ్గర నేర్చుకొన్నది.

ఇప్పుడు ‘మీగడ రంగా, లేత నీలమా?’ అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ప్రశ్న రంగును గురించినది కాదు, గదిని గురించినది. కిటికీ ఏ దిక్కున ఉన్నది? దాని ఎదుట ఆకాశమా, చెట్టా, పక్కింటి గోడా? నేల ఏ రంగు? అందులో కూర్చునేవారెవరు, ఏ వేళ కూర్చుంటారు, ఏ పని చేస్తారు? ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకొన్న తరువాతనే పట్టిక విప్పవలెను. విప్పిన తరువాత కూడా నమూనాను గోడ మీదనే చూడవలెను. రెండు గోడల మీద, నాలుగు వేళల. చిన్న గదికి, చీకటి గదికి ఎంచుకొన్న చాయకన్న ఒక మెట్టు లేతది తీసుకోవలెను.

విద్యార్థులు దీనిని పైసా ఖర్చు లేకుండా పరీక్షించవచ్చును. రెండు చెప్పుల డబ్బాలు తీసుకొని, ఒకదాని లోపల మీగడ రంగు కాగితం, రెండవదాని లోపల లేత నీలం కాగితం అతికించండి. రెండింటికీ ఒకే కొలత గల కిటికీ కోసి, మూత పెట్టి, కిటికీకి దూరపు మూలన చిన్న అక్షరాల కాగితం ముక్క ఉంచి, పక్కన చేసిన కంతలోంచి చదువండి. తరువాత డబ్బాలను ఎండలోనికీ నీడలోనికీ మార్చి చూడండి. నోబెల్ బహుమానం పొందిన సి.వి. రామన్ సైతం వృద్ధాప్యంలో చూపును గురించీ రంగును గురించీ పరిశోధించి 1968లో ఒక గ్రంథం వెలువరించినారు. కనుక ఇది పిల్లల ఆట అని ఎవరైనా నవ్వితే వెరవనక్కరలేదు.

భూపాలపల్లి గదికి మరుసటి ఆదివారం మీగడ రంగు వేసినారు. నీలం పూర్తిగా కప్పడానికి రెండు పూతలు పట్టింది. ఆ ఖర్చు నేను ఇస్తానంటే శిష్యుడు ఒప్పుకోలేదు. నేను తిరుగు ప్రయాణమైన నాటి ఉదయం పది గంటలకు, సెలవు చెప్పడానికి ఆ గదిలోకి వెళ్ళినాను. అమ్మాయి తల ఎత్తకుండా లెక్కలు చేసుకొంటున్నది. దీపం ఆర్పి ఉన్నది.